అన్నీ వడపోతలే కావు

బడిలో పర్యాయపదాలు రాయమంటే పిల్లలు టకటకా రాసేస్తారు. సూర్యుడికి రవి, భానుడు, ఆదిత్యుడు. ఏది రాసినా మార్కు పడుతుంది, ఎందుకంటే ఏ పేరుతో పిలిచినా ఆకాశంలో ఉన్న సూర్యుడు ఒక్కడే. ఇంతవరకూ పేచీ లేదు. ఈ అలవాటును క్రియలకు కూడా అంటగట్టడంతోనే చిక్కంతా వచ్చిపడింది. చెరగడం, జల్లించడం, గాలించడం, ఏరడం, తూర్పారబట్టడం అన్నీ ఒకే పనికి ఉన్న పేర్లేననీ, అన్నిటినీ కలిపి 'వడపోత' అనేస్తే సరిపోతుందనీ పత్రికల డెస్కుల నుంచి ప్రభుత్వ ప్రకటనల దాకా ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకాన్ని ఒప్పుకోవడానికి వీల్లేదు.

దాని మూలం మన నిఘంటు సంప్రదాయంలోనే ఉంది. అమరకోశం అసలు పేరు నామలింగానుశాసనం. పైడిపాటి లక్ష్మణకవి తెలుగులో రాసింది ఆంధ్రనామసంగ్రహం. రెంటి పేర్లలోనూ 'నామం' ఉంది. పద్యం రాసేవాడికి గణం కుదరడానికి తామరకు పది పేర్లు కావాలి, అవి వాటిలో దొరుకుతాయి. నామవాచకాలకు పనికొచ్చిన ఆ కొలతను క్రియలకు పెడితే చెల్లదు. పేరు మారినా తామర మారదు గానీ, క్రియ మారితే పనే మారిపోతుంది.

కళ్లంలో తూర్పారబట్టే మనిషి చేటను తల ఎత్తుకు లేపి గింజను ధారగా వదులుతాడు. గట్టి గింజ దగ్గరే పడుతుంది, తాలు కాస్త అవతల పడుతుంది, పొట్టు ఇంకా దూరం కొట్టుకుపోతుంది. ఇక్కడ వేరు చేసేది గాలి. గాలి పడిపోతే పని ఆగిపోవాల్సిందే. చెరిగేవాళ్లకు ఆ ఎదురుచూపు లేదు, చేట విసురే పొట్టును ఎగరగొడుతుంది. జల్లెడకు బరువుతో నిమిత్తం లేదు, కంత ఎంతన్నదే దాని లెక్క. పిండి జల్లిస్తే మనకు కావలసింది కింద పడుతుంది, నూకలు పోవడానికి బియ్యం జల్లిస్తే కావలసింది పైన మిగులుతుంది. గింజంత రాయిని మాత్రం ఏ జల్లెడా పట్టుకోలేదు. అందుకే బియ్యాన్ని నీళ్లలో గాలిస్తారు. గిన్నెను తిప్పుతూ నీళ్లతో పాటు గింజల్ని కొంచెం కొంచెంగా మరో గిన్నెలోకి వంపుతుంటే రాళ్లు అడుగున నిలిచిపోతాయి. అప్పటికీ దొరకని పుచ్చు గింజకు ఇక కన్నూ వేలూ తప్ప గతి లేదు. దాన్ని ఏరాలి. ద్రవంలోంచి నలకను గుడ్డతో ఆపితే అది వడకట్టడం. వడపోత అన్న మాట సొంత చోటు అదే.

ప్రతి క్రియా రెండు సంగతులు చెబుతోంది: దేన్ని బట్టి వేరు చేశారు, వేరు చేసింది ఎవరు. 'వడపోత' అనగానే ఈ రెండూ మాయమవుతాయి. దీన్ని భాషాభిమానుల చాదస్తం అనుకునేవాళ్లు సివిల్స్ పరీక్షను చూడాలి. ప్రిలిమ్స్ మార్కులు తుది ర్యాంకులో కలవవు. కటాఫ్ దాటారా లేదా అన్నదే లెక్క. అది జల్లించడం. 1,750 మార్కుల మెయిన్స్ తర్వాత 275 మార్కుల ఇంటర్వ్యూ ఉంటుంది. బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరినీ చూసి, మాట్లాడి మార్కులు వేస్తారు. అది ఏరడం. మొదటిదానిలో అన్యాయం జరిగిందంటే కటాఫ్‌నూ, ప్రశ్నపత్రాన్నీ నిలదీయాలి. రెండోదానిలో జరిగితే మనుషుల్ని నిలదీయాలి. రెంటినీ 'వడపోత' అని రాసేవాడు ఎవర్ని అడగాలో కూడా పాఠకుడికి తెలియనివ్వడు.

ఇంతకంటే బరువైన ఉదాహరణ 'అనర్హుల ఏరివేత'. ఈ శీర్షిక చూసినవాడు ఎవరో ఇంటింటికీ వెళ్లి, మనిషిని చూసి, కాగితాలు తిరగేసి తీసేశారనుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకు అమలైన సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్ చూడండి. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటిందా, మాగాణి 3 ఎకరాలు దాటిందా, ఇంట్లో కారు ఉందా అని రికార్డులను అడిగి పేర్లను ఆపే పద్ధతి అది. ఇది అచ్చంగా జల్లెడ. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు బతికే ఇంట్లో యూనిట్లన్నీ ఒక పేరు మీదే పడితే, ఆ పేదను కంత ఆపేస్తుంది. కంతకు కళ్లుండవు. అలాంటి పనికి 'ఏరివేత' అని పేరు పెట్టడమంటే జరగని పరిశీలనను జరిగినట్టు చెప్పడమే.

భాష మారుతుందనీ, చేటలు అటకెక్కాక ఈ మాటలు ఎవరికి కావాలనీ అడుగుతారు. చేట అటకెక్కితే ఎక్కనివ్వండి, క్రియ ఎక్కలేదే! పోలీసులు ఇప్పటికీ అడవుల్ని గాలిస్తూనే ఉన్నారు, నాయకులు నిప్పులు చెరుగుతూనే ఉన్నారు. ఒకే పారిభాషిక పదం ఉంటే గందరగోళం ఉండదన్నది ఇంకో వాదన. పరిభాష పని తేడాను చూపించడం గానీ చెరిపేయడం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతోనే వచ్చింది. రైతు నోట ఉన్న తేడాల్ని ఏరుకోవడం శాస్త్రం అనుకున్న తరం అది. వాటిని ఒక్క మాటలో ఊడ్చేయడం ఆధునికత అనుకోవడం మన కాలానికి పట్టిన సోమరితనం.

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు 'ఫిల్టర్' అంటే అననివ్వండి. ఏ గడి మీద ఏ షరతు పెట్టారో వాళ్లు కనీసం చూపించగలరు. 'వడపోత పూర్తయింది' అని ప్రకటించే అధికారి అదీ చూపించడు. విలేకరి దాన్ని అలాగే అచ్చువేయకుండా జల్లించారా, ఏరారా అని తిరిగి అడగాలి. జల్లించామంటే కంత ఎంత పెట్టారో, ఎవరు పెట్టారో రాయాలి. ఏరామంటే ఏరిన చెయ్యి ఎవరిదో రాయాలి.