పునాదిలో అదనపు బకెట్టు

పునాది అనే మాటను మన సభావేదికల మీద వాడినంత విరివిగా మరే మాటనూ వాడరేమో. జాతికి పునాది, భాషకు పునాది, ప్రజాస్వామ్యానికి పునాది. వక్తకు తడుముకోవలసిన అవసరమే రాదు. పారసీకపు ‘బునియాద్’ నుండి మనకు సంక్రమించిన మాట ఇది. అస్తిభారం అని మనకు మరొక మాట ఉంది. ఇప్పుడది నిఘంటువుల్లోనే విశ్రాంతి తీసుకుంటున్నది. దశాబ్దాల పాటు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కనుక నేనూ ఈ ఉపమానాన్ని పిల్లల మీద ప్రయోగించినవాణ్ణే. ఈ టపాలో మాత్రం ఉపమానాన్ని పక్కనపెట్టి, మట్టి తవ్వి, చువ్వలు పరచి, కాంక్రీటు పోసే అసలు పునాది గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

నా వాదం క్లుప్తంగా ఇది. మన కట్టడాల పునాదుల్లో బలం హరించేది మేస్త్రీ అజ్ఞానం కాదు, యజమాని బేరం.

ఉద్యోగ విరమణ తరువాత నాకు కొయ్యపని వ్యసనమైంది. ఉలి, బాడిస, చిత్రిక, రంపం ఇంటి వసారాలో ఇమిడినంత కాలం ఇబ్బంది లేదు. తరిమెన, అనగా నేటి భాషలో లేత్, కొనవలసి వచ్చినప్పుడు పెరట్లో పన్నెండడుగులకు పదహారడుగుల పనిశాల ఒకటి కట్టించాను. ఆరు స్తంభాలు, పైన రేకులు. “షెడ్డుకు కూడా ఇంత పునాదా మాస్టారూ?” అని అడగనివారు మా వీధిలో లేరు. వారి దృష్టిలో షెడ్డంటే నాలుగు గుంజలు పాతి రేకు కప్పడమే.

నిజానికి నల్లరేగడిలో షెడ్డుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. మాది గుంటూరు ప్రాంతపు నేల. రేగడిలోని బంకమన్ను వానకు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని చేయి దూరేంత నెర్రెలిస్తుంది. ఆ ఉబ్బును బరువైన కట్టడం కొంతవరకు అణచిపెట్టగలదు. తేలికపాటి కట్టడాన్ని నేల అవలీలగా పైకెత్తి, వేసవిలో మళ్ళీ దించుతుంది. రెండు మూడేళ్ళు ఇట్లా ఊగిన గోడ మూలల్లో ఏటవాలుగా చీలుతుంది. అందుచేత రేగడిలో పునాది లోతును పైకట్టడపు పరిమాణంతో కాక, కింది మట్టి గుణంతో నిర్ణయించాలి. మా పెరట్లో అయిదడుగుల దిగువన గరుసు తగిలింది, అక్కడికి దిగాము. గరుసు అందనంత లోతున ఉన్నచోట నేలను గుండ్రంగా లోతుకు తొలిచి, అడుగున గంటలాగా వెడల్పు చేసి కాంక్రీటు నింపే పద్ధతి ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ పద్ధతిని మన దేశంలో వ్యాప్తిలోకి తెచ్చింది.

నేల స్వభావం తెలిసి పునాది వేయడం మనకు కొత్త విద్య కాదు. 1213 నాటి పాలంపేట రామప్ప గుడికి పునాది గుంతలో ఇసుక నింపి, దాని మీద కట్టడం లేపారు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు శిల్పాలతో పాటు ఆ ఇసుక పునాది కూడా చర్చకు వచ్చింది. చూడవచ్చిన వారందరూ శిల్పాలనే చూస్తారు. వాటిని ఎనిమిది వందల ఏళ్ళు మోసినది కంటికి కనబడదు.

ఇక కాంక్రీటు సంగతికి వద్దాం. ఒక్కొక్క స్తంభం కింద నాలుగడుగుల చదరం, అడుగు మందం. ఆరు గుంతలకు కలిపి 96 ఘనపుటడుగులు. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర చొప్పున, అనగా ఎం20 పాళ్ళలో, రమారమి ఇరవై రెండు బస్తాలు పడుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిన లెక్కే. ఎవరూ కొలవనిది నీరు. మన దేశపు కాంక్రీటు ప్రమాణ గ్రంథం ఐఎస్ 456 (2000) ఈ పాళ్ళకు యాభై కిలోల బస్తా ఒక్కింటికి 30 లీటర్ల నీరు అని నిర్దేశించింది. ఇసుక తడిగా ఉంటే అందులో ఉన్న నీటిని కూడా ఈ ముప్పైలోనే జమకట్టాలి.

సిమెంటు గట్టిపడడానికి నిజంగా కావలసినది అంత కూడా లేదు. బస్తాకు ఇరవై లీటర్లకు అటూ ఇటూగా సరిపోతుంది. మిగిలినది కలపడానికి, పోయడానికి వీలుగా ఉండేందుకు. సిమెంటు పుచ్చుకోని నీరు కొన్నాళ్ళకు ఆరిపోయి, తానున్న చోట సన్నని రంధ్రాలను వదిలిపోతుంది. ఆ రంధ్రాలే కాంక్రీటుకు బలహీనత, చువ్వకు తుప్పు పట్టించే తేమకు దారి. నీటికీ సిమెంటుకూ ఉండే నిష్పత్తి పెరిగినకొద్దీ బలం తగ్గుతుందని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే సూత్రీకరించాడు. ముప్పైకి బదులు నలభై లీటర్లు పోస్తే, అంటే బస్తాకు ఒక చిన్న బకెట్టు అదనమైతే, బలంలో మూడో వంతు, ఒక్కొక్కసారి అంతకు మించి పోతుంది. సిమెంటు అదే, ఇసుక అదే, ఇనుము అదే, డబ్బూ అదే.

ఈ సంగతి మేస్త్రీలకు తెలియదా? నిక్షేపంగా తెలుసు. మా పని చేసిన మేస్త్రీని అడిగాను. అతడు దాచుకోకుండా చెప్పాడు: “జారుగా ఉంటే గుంతలో దానంతట అదే సర్దుకుంటది మాస్టారూ. గట్టిగా కలిపితే ఒక్కో తట్టకీ కూరాలి, కుమ్మాలి. ఆరు గుంతలూ పొద్దుగూకేలోపు పోస్తేనే మాకు గిట్టేది. గుత్త మాట్లాడింది అట్టాగే గదా.”

ఈ సమాధానంలో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. మనం ముగ్గురు మేస్త్రీలను పిలిపించి, ఒకరి ధర మరొకరికి చెప్పి, ఆఖరుకు అందరికంటే తక్కువకు ఒప్పుకున్నవానికి గుత్త ఇస్తాము. ఆ ధరలో వైబ్రేటరు అద్దె ఉండదు, అదనపు మనిషి కూలి ఉండదు, రెండోరోజు అన్నది అసలే ఉండదు. ఇక అతని చేతిలో మిగిలిన ఉచిత వస్తువు ఒక్కటే, నీరు. కాలాన్ని మనం కోసేశాము. ఆ లోటును అతడు నీటితో పూడ్చాడు. పైగా మోకాళ్ళ దాకా తడి సిమెంటు పూసుకొని, చేతి తొడుగు లేకుండా తట్టలందించే ఆడకూలీల సంగతి ఆలోచించండి. పచ్చి సిమెంటుకు సున్నానికున్నట్టే కొరికే గుణం ఉంది. సాయంత్రానికి అరచేతులు పగిలిపోతాయి. ఆ పని త్వరగా తెమలాలని వారు కోరుకోవడంలో ఆశ్చర్యమేమున్నది?

అందుచేత కాంక్రీటు పోసే ఒక్కరోజును గుత్తలో నుండి తప్పించి, దినకూలి లెక్కన మాట్లాడాను. పని రెండో పూటకు జరిగినా, మరునాటికి జరిగినా ఎవరికీ నష్టం లేదని ముందే చెప్పాను. సూది వైబ్రేటరు అద్దెకు తెచ్చాము. రబ్బరు తొడుగులు కొన్నాము. బకెట్టుకు లోపల రంగుతో గీత గీయించి, బస్తాకు ఎన్ని బకెట్లో నిర్ణయించాము. అప్పుడు నేను కాపలా కాయవలసిన అవసరమే రాలేదు. గట్టిగా కలిపిన కాంక్రీటును వైబ్రేటరు లేకుండా పోస్తే తేనెపట్టులాగా బెజ్జాలు మిగులుతాయి, అది మరొక దోషం. కాబట్టి “నీళ్ళు తక్కువ పోయండి” అని అరుగు మీద కూర్చొని ఆజ్ఞాపించే యజమాని, ఆ ఆజ్ఞకు తగిన సాధనాన్ని, సమయాన్ని కూడా సమకూర్చాలి. లేకుంటే ఆ మాటకు విలువ లేదు.

“డబ్బున్నవారికి చెల్లుతుంది మాస్టారూ” అని ఒక మిత్రులు ఆక్షేపించారు. సబబైన ఆక్షేపణే. అయితే ఆరోజు నాకు అదనంగా అయిన ఖర్చు, సగటు గృహప్రవేశపు విందులో పదో వంతు ఉండదు. కొంచెపు స్థితిలో ఉన్నవారు కూడా ముఖద్వారపు చెక్కడానికి, ముందుగోడ సోకులకు అప్పు చేయడం చూస్తూనే ఉన్నాము. గచ్చు మీది టైల్సు పదేళ్ళకు మార్చుకోవచ్చు, రంగు అయిదేళ్ళకు వేసుకోవచ్చు. పునాదిని మార్చుకునే వీలు లేదు. మార్చరానిదాని దగ్గర పొదుపు, మార్చగలిగినదాని దగ్గర ధారాళం: ఈ తలకిందుల లెక్కకు బీదరికం కారణం కాదు, నలుగురి చూపు కారణం.

శంకుస్థాపన ముహూర్తాన్నే తీసుకోండి. ఈశాన్యంలో గుంత తీసి, నవధాన్యాలు, నవరత్నాలు వేసి, బంధువులందరి చేత తలా ఒక రాయి వేయిస్తాము. ఆచారాన్ని నేను తక్కువ చేయడం లేదు. మా ఇంటా జరిపించాము. నా బాధ ఏమిటంటే, ముహూర్తం నాడు నిమిషాలు లెక్కించే మనం కాంక్రీటు నాడు ఊళ్ళో ఉండము. ఇక ఆ తరువాత రోజుల మాట చెప్పనే అక్కరలేదు.

కాంక్రీటుకు నీరు కావలసినది ఆ తరువాతనే. కలిపేటప్పుడు అధికమైతే హాని చేసే నీరు, పోసి గట్టిపడిన తరువాత ప్రాణం పోస్తుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండలు మండే పొడి వాతావరణంలో 10 రోజులు ఎడతెగకుండా తడిగా ఉంచాలని పైన చెప్పిన గ్రంథమే నిర్దేశిస్తుంది. ఇప్పుడు అంగళ్ళలో విరివిగా దొరికే బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు 10 రోజులు తప్పనిసరి, 14 రోజులు మేలు. మేస్త్రీ గుత్త పోయడంతో ముగిసింది. తడపడం ఎవరి పని? ఏ ఒప్పందంలోనూ ఉండదు. అది యజమాని పని. గోనెపట్టాలు కప్పి, అవి ఆరకుండా పద్నాలుగు రోజులు తడపడానికి ఇంజనీరు కానక్కరలేదు, తెలుగు పండితుడు చాలు.

ఈ మధ్య పట్టణాల్లో కలిపిన కాంక్రీటే లారీలో వస్తున్నది కదా, ఈ చింత తీరిపోలేదా అనవచ్చు. కర్మాగారంలో కొలిచి కలుపుతారు, నిజమే. దింపే చోట త్వరగా జారడానికి లారీలోనే గొట్టం పెట్టి నీరు పట్టిస్తే ఆ కొలతలన్నీ వృథా. యంత్రం మారినా తొందర మారలేదు.

మన పూర్వులు గానుగసున్నంతో కట్టేవారు. సున్నాన్ని నానబెట్టి, ఎద్దులతో గానుగ తిప్పించి, మెత్తగా నూరించి వాడేవారు. అది సిమెంటు కంటే గొప్పదని పొంగిపోయేవారితో నేను ఏకీభవించను. బలం లెక్కలో సిమెంటుదే పైచేయి. అయితే వారు పనిలో కాలాన్ని కూడా ఒక దినుసుగా లెక్కించారు. మనం సిమెంటు తెచ్చుకొని ఆ దినుసును మాత్రం తీసేశాము.

కనుక ఇల్లో, పనిశాలో, పశువుల కొట్టమో తలపెట్టిన మిత్రులకు నా మనవి. బేరం ఆడదలచుకుంటే తలుపుల దగ్గర ఆడండి, రంగుల దగ్గర ఆడండి. మట్టిలో కప్పడిపోయే పనికి మాత్రం అడిగిన కూలి ఇచ్చి, ఒక రోజు ఎక్కువ ఇచ్చి, బకెట్టుకు గీత గీయండి. ఆ మీదట రెండు వారాలు నీళ్ళు మీరే పోయండి.

స్వస్తి.