పదిహేను నెర్రెలు

పోయిన ఆదివారం అనంతపురంలో ఒక కవిసమ్మేళనానికి పోయినాను. ఇరవై ఇద్దరు కవులు. టీ వచ్చేదాకా ఊరికే కూర్చోలేక ఆహ్వానపత్రం వెనక లెక్క రాసుకున్నాను. నెర్రెలిచ్చిన నేల పదిహేను మంది దగ్గర వినిపించింది. పెన్నమ్మ కన్నీళ్లు తొమ్మిది మంది దగ్గర. ఎద్దు పుర్రె నలుగురి దగ్గర. చెనిక్కాయ మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

నవ్వుకుని ఊరుకునేవాణ్నే. చివర్న మైకు అందుకున్న పెద్దమనిషి ఊరుకోనివ్వలేదు. రోజూ చేసే పని మనసును మొద్దుబారుస్తుందట. కవిత్వం పుట్టాలంటే ఏడాదికొకసారైనా ఏ చల్లటి కొండకో, సముద్రపు ఒడ్డుకో పోయి రావాలట. కుర్రకవులు చప్పట్లు కొట్టినారు. పోయి రావడానికి ఛార్జీలు ఎవరిస్తారో ఆయన చెప్పలేదు.

ఆయన సభకు వచ్చిన దారిలోనే మా వీధి ఉంది. మృగశిర కార్తె గదా, అరుగుల మీద విత్తనపు కాయల ఒలుపు నడుస్తోంది. మిషనుకు వేస్తే పప్పు బద్దలవుతుంది, పైపొర లేచిపోతుంది. అట్లాంటి గింజ సరిగా మొలవదు. అందుకే విత్తనానికి చేత్తోనే ఒలవాల. కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పి, తొక్క మెత్తబడినాక నలుగురైదుగురు చుట్టూ చేరతారు. బొటనవేలు, చూపుడువేలు, చిట్. మళ్లీ చిట్. సాయంత్రానికి వేళ్ల కొసలు కందిపోతాయి, కొందరు గుడ్డపేలిక చుట్టుకుంటారు. ఒకామె ఏదో ఇంటి సంగతి ఎత్తుకుంటుంది. సంగతి ముదిరే కొద్దీ చిటపటలు నెమ్మదిస్తాయి. కథలో కోడలు అత్తకు ఎదురు తిరిగిందో లేదో, అన్ని చేతులూ ఒక్కసారి జోరందుకుంటాయి. చాన్నాళ్లు పిల్లలకు గణాలు చెప్పినవాణ్ని, ఇంత తేటగా ఎప్పుడూ చెప్పలేకపోయినాను.

తెల్లారుజామున కొళాయి దగ్గరా అంతే. మనుషులు ఇంకా పడకల మీదే ఉంటారు, బిందెలు మాత్రం వరుసలో నిలబడి ఉంటాయి. సొట్ట బిందె ఎవరిదో, మెడకు ఎర్రదారం కట్టినది ఎవరిదో వీధి మొత్తానికీ తెలుసు. ఒక బిందెను పక్కకు జరిపితే మనిషిని తోసినంత గొడవ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట కరువు లేదని నేనెందుకంటాను? కానీ కరువులోనూ పొద్దున్నే పొయ్యి రాజేస్తారు, సంగటి కెలుకుతారు, పిల్లకు జడ వేస్తారు. మన కవులకు ఎండిన ఏరు కనిపిస్తుంది. ఆ ఇసకలో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా చెంబు పట్టుకుని కూర్చున్న ముసలమ్మ కనిపించదు.

ఇదేం నేను కనిపెట్టిన సంగతి కాదు. శాతవాహన రాజు హాలుడు కూర్చినాడని చెప్పుకునే గాథాసప్తశతిలో ఉన్నదంతా ఏమిటి? దున్నేవాడు, చేను కాపలా కాసే పిల్ల, వంటింటి మసి. ఆ ప్రాకృత గాథలను ఏరి తెలుగు చేసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మన కంబదూరు పక్కనున్న రాళ్లపల్లిలో పుట్టినాడు. వాటిలో తెలుగు మాటలు వెతికి పట్టిన తిరుమల రామచంద్రా ఈ జిల్లావాడే. ఎక్కడెక్కడి పండితులో ఉండగా ఆ పల్లె గాథలు ఈ మెట్టనేల వాళ్లనే ఎందుకు పట్టుకున్నాయో నాకొక అనుమానముంది, రుజువు లేదు. ఆ శర్మగారే వేమన మీద ఉపన్యాసాలూ ఇచ్చినాడు. కుండ, కుక్క, ఉప్పు, చెప్పు పద్యంలోకి తెచ్చిన ఆ వేమన సమాధి గాండ్లపెంట మండలం కటారుపల్లిలో ఉంది. అది ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటారు. నాకింకా అలవాటు కాలేదు.

ఇక విద్వాన్ విశ్వం. 1915లో తరిమెలలో పుట్టి, బతుకులో పెద్ద భాగం పత్రికాఫీసుల్లో గడిపిన మనిషి. రోజూ పత్రిక కాలమ్‌లు నింపే చేత్తోనే ‘పెన్నేటి పాట’ రాసినాడు. 1956లో అచ్చయింది. పెన్న కన్నీళ్లు మనవాళ్లకు అలవాటైంది ఆయన పుణ్యమే కావచ్చు. కానీ ఆయన కావ్యంలో ఏటి పక్కన రంగన్న ఉన్నాడు, గంగమ్మ ఉంది, వాళ్ల కూలి పని ఉంది. మనవాళ్లు మనుషులను వదిలేసి ఏటిని మాత్రం తెచ్చుకున్నారు. ఒక కుర్రకవికి ఇద్దామని ఆ పుస్తకం కోసం మూడు అంగళ్లు తిరిగినాను. మూడో అంగడాయన పోటీ పరీక్షల గైడు చేతిలో పెట్టి, ఇందులో కవి పరిచయం ఉంది సార్, సరిపోతుంది అన్నాడు.

కవులను మాత్రం తిట్టి ఏం లాభం? గొర్రు, గుంటక, జడ్డిగం అనే మాటలు తెలిసిన పిల్లలు మా వీధిలో ఎవరూ లేరు. ట్రాక్టరు వచ్చింది, పనిముట్టు పోయింది, పోనీ. చెనిక్కాయ ఎక్కడికీ పోలేదే! పక్కింటి పిల్లవాడు ఏడో తరగతి. ‘మా ఊరు’ అని వ్యాసం రాసినాడు. వాళ్లవ్వ చెనిక్కాయలు ఒలుస్తూ నిద్రపోయినా వేళ్లు ఆడుతూనే ఉంటాయని అందులో ఒక వాక్యం. సమ్మేళనంలో ఇరవై ఇద్దరికీ దొరకని వాక్యం అది. చెనిక్కాయలు కొట్టేసి, పైన ఎర్ర సిరాతో ‘వేరుశనగ’ అని దిద్ది ఉంది.

వాడు నోటుబుక్కు పట్టుకొచ్చి, పరీక్షలో ఏది రాయాల తాతా అని అడిగినాడు. మార్కులు పోతాయి గదా, వేరుశనగే రాయమన్నాను.