విరూపణ్ణ కుళ్ళాయి



అమెరికాలో హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుమన్న వార్త వచ్చిన ఆ సెప్టెంబరు శుక్రవారం నుంచి ఇక్కడి మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కుటుంబాల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరు ఊళ్లో ఇరుక్కుపోయారో, ఎవరు పెళ్లి ప్రయాణం మానుకున్నారో అందరికీ తెలుసు. దాని మీద లాయర్లు చెప్పాల్సింది చెప్పారు. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది.

పోయిన నెల కొట్లో బిల్లు వరసలో ఉండగా ధర్మవరం నుంచి అమ్మ ఫోను. "ఏమ్మా, అన్నం తింటివా?" అన్నాను. పక్కనున్న నా కూతురు చెయ్యి పట్టి లాగింది. "ఇక్కడొద్దు నాన్నా, కారులోకి పోయినాక మాట్లాడు." పదకొండేళ్ల పిల్ల. ఎవరు చెప్పారే నీకు అంటే తల దించుకుంది. ఎవరూ చెప్పలేదు. మేం గొంతు తగ్గించుకోవడం చూసి నేర్చుకుంది. మన సంఘం కమిటీలో ఈ మాట చెబితే ఇంకో నాలుగిళ్లవాళ్లు "మా ఇంట్లోనూ అంతే" అన్నారు.

ఆ రాత్రంతా లేపాక్షి తలపుకొచ్చింది. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకుపోతే వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, బసవన్న దగ్గర ఫోటో దిగి వచ్చేసినవాళ్లమే అందరమూ. తలెత్తి కప్పు చూసినవాళ్లెందరు? అక్కడి బొమ్మల్లో, గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో నిలబడి ఉంటారు. 1530ల నాటి మాట, అచ్యుతరాయల కాలం. విరూపణ్ణ పెనుకొండలో రాయల ఖజానా చూసేవాడని మన పెద్దలు చెప్పేవాళ్లు. అన్నదమ్ముల తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు. ఆ మాట పారసీకుల 'కులాహ్'. ఆనాటి కొలువులో తొడుక్కునే కబాయి అరబ్బుల 'ఖబా'. హొర్ముజు నుంచి గుర్రాలు ఓడల్లో గోవా, భట్కళ రేవులకు దిగి విజయనగరానికి నడిచొచ్చే రోజులవి. గుర్రాల వెంట మనుషులొచ్చారు, మనుషుల వెంట బట్టలూ మాటలూ వచ్చాయి. ఆ కుళ్ళాయితోనే విరూపణ్ణ వీరభద్రుడి గుళ్లో నిలబడ్డాడు. ఆ బొమ్మల్లోని చీరల అంచులు చూసి మన నేతగాళ్లు ఈరోజుకీ డిజైన్లు దించుకుంటున్నారు. జరీ అన్న మాటా పారసీకమే. పట్టుపురుగును పెంచే విద్య చైనాది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో నిలబడి ఇది పరాయి సరుకని ఎవరైనా అంటారా?

మనవైపు వాళ్లూ బయటికి పోయారు. ఐహొళె పేరు పెట్టుకున్న అయ్యావొళె ఐదువందల వారు కన్నడ, తెలుగు, తమిళ దేశాలన్నీ తిరిగిన వర్తకులు. 1088లో సుమత్రా పడమటి తీరాన, బారుసు దగ్గర, రాయి మీద తమిళంలోనే శాసనం చెక్కించారు. వాళ్లకు భయాలు లేవా? ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజే లాక్కునే కాలమది. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించి, ఇకమీద సుంకం తప్ప ఏదీ తీసుకోనన్నాడు. లాక్కునే రాజులూ ఉంటారు, అభయమిచ్చే రాజులూ ఉంటారు. అది మన చేతిలో లేదు. అమ్మ ఫోను చేస్తే ఏ భాషలో పలకాలో మాత్రం మన చేతిలోనే ఉంది!

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటితో కొరియావాళ్లు వచ్చారు, వాళ్ల హోటళ్లు వచ్చాయి, వాళ్ల అక్షరాలతో బోర్డులు వచ్చాయి. మన ఊళ్లో వాళ్లు వాళ్ల భాష మాట్లాడుకుంటుంటే మనమెవరమూ అడ్డం చెప్పలేదు. మరి మన పిల్లల నోటికి మనమే ఎందుకు అడ్డం పడుతున్నాం? కాస్త కోపంగానే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. జాగ్రత్త వేరు, సిగ్గు వేరు. పిల్లలకు ఆ తేడా చెప్పే పని మనదే. దయచేసి ఈ వారమే చెప్పండి.

ఇక సంఘం మాటలు. దసరా భోజనాలకు రాగిసంగటి, ఓళిగలు చేసి పెట్టిన అక్కచెల్లెళ్లకు, ఆ రాత్రి హాలు కడిగిన కుర్రాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నాం. రెండు స్టీలు క్యాన్లు, ఒక సంగటి తెడ్డు మిగిలిపోయాయి, ఎవరివో వచ్చి తీసుకుపోండి. సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివాళ్లు ఈ నెలాఖరులోగా కట్టండి. ఉద్యోగం పోయినవాళ్లు కట్టనక్కర్లేదు, కోశాధికారికి ఒక మాట చెబితే చాలు, అది గుట్టుగానే ఉంటుంది. శనివారం తెలుగు తరగతి ఇకనుంచి ఉదయం పదింటికి.

సంక్రాంతి సంచికలో పెద్దల రచనలు తగ్గించి నాలుగు పేజీలు పిల్లలకిస్తున్నాం. అవ్వతాతలతో ఫోనులో మాట్లాడి, మగ్గం గురించో, చింతపండు మండీ గురించో, బాబయ్య దర్గా ఉరుసు గురించో విన్నది అర పేజీ రాసి పంపాలి. అక్షరాలు రాని పిల్లలు నోటితో చెప్పి రికార్డు చేసి పంపితే మేం రాసుకుంటాం. నా కూతురు కూడా పంపుతానంది. ఫోను ఎక్కడ చేస్తుందో ఇంకా చెప్పలేదు.