ఇంటి నడుమ ఆకాశం

వియత్నాంలో హోయ్ ఆన్ అనే పాత రేవు పట్నం ఉంది. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి పాత ఇళ్ళు వీధివైపు ఇరుకు, లోపలికి పొడుగు. ముందు దుకాణం, వెనక కాపురం, మధ్యలో ఆకాశం కనిపించే చిన్న ముంగిలి. వెలుతురూ, గాలీ, వానా అందులోంచే దిగుతాయి. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి గుర్తొస్తుంది కదూ!

స్థలం కరువై నగరాల్లో ఆ ముంగిళ్ళమీద స్లాబులు పడ్డాయి. పగలే లైటు వేసుకోవాల్సిన గదులు మిగిలాయి. ఆ చీకట్లో ఎక్కువసేపు గడిపేదెవరో వేరే చెప్పాలా?

2011లో హోచిమిన్ నగరంలో వో ట్రాంగ్ నియా అనే ఆర్కిటెక్టు బృందం 4 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు స్థలంలో ఒక జంటకీ, వాళ్ళమ్మకీ ఇల్లు కట్టింది. ముందూ వెనకా గోడల బదులు వరసగా కాంక్రీటు తొట్లు, నిండా మొక్కలు. ఎండ వాటిలోంచి వడకట్టుకుని వస్తుంది. గాలి ఇల్లంతా ఆడుతుంది. తొట్లకి నీళ్ళు గొట్టాల్లోంచి వాటంతటవే వెళ్తాయి. నాకు బాగా నచ్చింది ఇదే! పచ్చదనం అందరికీ, నీళ్ళు మోసే చాకిరీ ఇల్లాలికీ అనలేదు వాళ్ళు.

ఇల్లు కట్టేముందు మనం వాస్తు అడుగుతాం, ఖర్చు అడుగుతాం. పగలంతా పొయ్యి దగ్గరుండే మనిషిని, గాలి ఎటునించి కావాలమ్మా అని అడుగుతున్నామా? ఎవరూ అడక్కపోతే మనమే చెబుదాం. ఇంకో గది తగ్గినా ఫర్వాలేదు, వంటింటి పక్కన నాలుగడుగుల ఆకాశం వదలమందాం. అదీ ప్లాను గీసేరోజే. స్లాబు పడ్డాక ఎంత మొత్తుకున్నా వినేదెవరు?