"ఇందులో మాఫియా ఏదమ్మా?"

చుండూరు నుంచి వచ్చిన విద్యార్థిని ఒకామె పీజీ డిసర్టేషన్‌కి దేశాలు దాటే వ్యవస్థీకృత నేరాన్ని అంశంగా తీసుకుంది. గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళే స్త్రీలూ, వాళ్ళని పంపే ఏజెంట్లూ ఆమె పరిశోధన. మొదటి అధ్యాయం మాత్రం తన ఊరి గురించి రాస్తానంది. విభాగంలో పెద్దలు అడిగారు: "ఇందులో మాఫియా ఏదమ్మా? చుండూరుకీ దీనికీ ఏం సంబంధం?" ఇటలీ ముఠాల మీదో, మాదకద్రవ్యాల మీదో రాసుకోమని సలహా కూడా ఇచ్చారు. వాటి మీదయితే లైబ్రరీలో పుస్తకాలున్నాయి కదా!

సంబంధం ఏమిటో చెప్పాల్సిందే. 2000లో వచ్చిన పాలెర్మో ఒప్పందం ప్రకారం ముగ్గురు లేదా అంతకన్న ఎక్కువమంది ఒక అమరికతో కొంతకాలం కలిసి పనిచేస్తూ, డబ్బు కోసమో మరో భౌతిక లాభం కోసమో తీవ్రమైన నేరాలు చేస్తే అది వ్యవస్థీకృత ముఠా. మన దేశం దీన్ని 2011లో ధ్రువీకరించింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్‌కి కూడా భౌతిక లాభమే గీటురాయి.

ఈ నిర్వచనంలో చుండూరు ఇమడదు. 1991 ఆగస్టు 6న, పోలీసులు ఊళ్ళో ఉండగానే, ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బాధితులు పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంటే, 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. ఎనిమిదిమందిని చంపి మూటలు కట్టడం ఏ ఏర్పాటూ లేకుండా జరిగే పనేనా?

చుండూరుని పాలెర్మోలోకి లాక్కురమ్మని నేననడం లేదు. దానికి 1989 చట్టం ఉంది, అది సరిగా అమలైతే చాలు. కానీ నేరానికి కావలసిన ఏర్పాటు కులంలో, బంధుత్వంలో, ఠాణాలో ముందే సిద్ధంగా ఉంటుందని ఆ ఊరి పిల్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గల్ఫ్ ఏజెంటుని చూడ్డానికి ఆ చూపే కావాలి. సినిమాల్లో చూపించే ముఠానాయకుడు కాదతను. దూరపు చుట్టమో, ఇదివరకు వెళ్ళొచ్చిన పక్కింటామో అయ్యుంటుంది.

ఇక రాజ్యం సంగతి. పదో తరగతి దాటని స్త్రీ గల్ఫ్‌కి పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ముప్ఫై ఏళ్ళు నిండకపోతే ఇంటిపనికి ఆ అనుమతి లేదు. ఇదంతా ఆమె రక్షణ కోసమట! ఇంట్లో అప్పూ, తాగే మొగుడూ, ఆడపిల్ల పెళ్ళీ ఆమె ముప్ఫై ఏళ్ళు నిండేదాకా ఆగుతాయా? ఏజెంటు విజిట్ వీసా తెస్తాడు. అంటే ఆమె ఏ ప్రభుత్వ లెక్కలోకీ ఎక్కకుండానే విమానం ఎక్కుతుంది. అక్కడ కఫాలా పద్ధతిలో ఆమె ఉనికే యజమాని గుప్పిట్లో ఉంటుంది. దెబ్బలు పడలేక పారిపోతే ఆమే నేరస్తురాలు. ఆ ఏజెంటుకి బేరం తెచ్చిపెట్టింది ఎవరు? స్త్రీ కదలికని కట్టడి చేయడమే రక్షణ అనుకునే మన చట్టం కాదూ?

2024 మేలో, కంబోడియాకి యువకుల్ని పంపి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారంలో విశాఖ పోలీసులు ఏజెంట్లని అరెస్టు చేశారు. మంచిదే. వెంటనే "సైబర్ బానిసత్వం" అన్న మాట పత్రికల్లోకి వచ్చింది. దశాబ్దాలుగా వంటింట్లో బంధించబడుతున్న మన ఆడవాళ్ళ గురించి మాత్రం ఇప్పటికీ "గల్ఫ్‌లో మోసపోయిన మహిళ" అనే రాస్తారు. వంటపని పని కానప్పుడు అక్కడి బానిసత్వం బానిసత్వమెలా అవుతుంది!

మనవాళ్ళనీ ఒక మాట అనాలి. దాతలకి పంపే నివేదికల్లో "రక్షించినవారి సంఖ్య" అనే గడి ఒకటుంటుంది. వెనక్కొచ్చిన స్త్రీ మళ్ళీ వెళ్తే ఆ గడి పాడవుతుంది కాబట్టి ఆమె మాట రాయం. అప్పు తీరక మళ్ళీ వెళ్ళినామె ఏజెంటు గురించి చెప్పగలిగినంత ఏ పోలీసు రికార్డూ చెప్పదు. కేసు కట్టిన నేరాన్నే నేరాల లెక్కలు లెక్కపెడతాయి మరి.

ఆ విద్యార్థిని సినాప్సిస్ మళ్ళీ కమిటీకి పెడుతోంది, చుండూరు అధ్యాయంతో సహా. విజిట్ వీసాల మీద వెళ్ళినవాళ్ళ అర్జీలు, ఏజెంట్లు రాయించుకున్న నోట్ల నకళ్ళు మీ సంఘాల బీరువాల్లో ఉంటే, ఆ స్త్రీల అనుమతి తీసుకుని, పేర్లూ ఊళ్ళూ కొట్టేసి ఆమెకి చూడనివ్వండి.