‘ఆఖరి అవకాశం’ అని ఎన్నిసార్లు చెబుతాం?
ఇంటి నుంచి నడిచే ఆన్‌లైన్ వ్యాపారాలు, ఈమెయిల్, కొత్త చట్టాలు

రమజాన్ నెలవంకకు రెండు వారాల ముందే మన ఫోన్లలో సీజన్ మొదలైపోతుంది. అబాయాలు, అత్తర్లు, ఖజూర్ డబ్బాలు, ఫ్రోజెన్ సమోసాలు, పిల్లల ఈద్ బట్టలు. అమ్మేవాళ్లలో పెద్ద షాపులతో పాటు టోలీచౌకీలోనో, గుంటూరులోనో, కర్నూలులోనో ఇంటి నుంచే వ్యాపారం చేసే ఆపాలు, బాజీలు చాలామంది ఉంటారు. ఆ మెసేజ్‌లు వరుసగా చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. సరుకు వేరైనా మాట ఒక్కటే. "ఈ రోజే ఆఖరు." "రెండే పీసులున్నాయి." "ఇప్పుడు తీసుకోకపోతే తర్వాత బాధపడతారు." మర్నాడు చూస్తే మళ్లీ అదే మెసేజ్, మళ్లీ అవే రెండు పీసులు.

ఈ మాటలు మన ఇళ్లలో పుట్టినవి కావు. పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి వాడి మనకు అలవాటు చేసినవి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం ఆ కంపెనీలకే ఇవి వద్దని చెబుతోంటే, మన చిన్న వ్యాపారులు వాటిని కొత్తగా నేర్చుకుంటున్నారు. చట్టం ఏమంటోంది, దీన్ ఏమంటోంది, లెక్క ఏమంటోంది అని చూస్తే మూడూ ఒకే చోటికి వస్తాయి. కస్టమర్‌ని తొందరపెట్టి ఒకసారి అమ్మవచ్చు కానీ, రెండోసారి అమ్మడం కష్టం. చిన్న వ్యాపారం బతికేదేమో ఆ రెండోసారి మీదే.

అద్దె దుకాణం, సొంత ఖాతా పుస్తకం

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. దాని మీద లక్షల మంది ఫాలోవర్లను సంపాదించుకున్నవాళ్ల దగ్గర తెల్లారేసరికి ఏమీ మిగల్లేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ ఆరు గంటలూ వాటి మీదే ఆధారపడ్డ వ్యాపారాలకు షట్టర్ పడ్డట్టే. అకౌంట్ హ్యాక్ అయినా, ఎవరో రిపోర్ట్ కొడితే మూతపడినా జరిగేది ఇదే. ఫాలోవర్లు పదివేల మంది ఉండొచ్చు, కానీ వాళ్లలో ఒక్కరి అడ్రస్ కూడా మన చేతిలో ఉండదు. దుకాణం అద్దెదైనా పర్వాలేదు, ఖాతా పుస్తకం కూడా ఓనర్ దగ్గరే ఉంటే కష్టం.

వాట్సాప్‌కి హద్దులున్నాయి. మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పెట్టలేం. మన నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజ్ వెళ్లదు. అంతకు మించి పంపాలంటే కంపెనీలు వాడే బిజినెస్ సర్వీసులో మెసేజ్‌కింత అని కట్టాలి. ఎస్‌ఎంఎస్ ద్వారా ప్రచారం చేయాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం ముందే పేరు, మెసేజ్ నమూనా రిజిస్టర్ చేయించుకోవాలి.

ఈమెయిల్ లిస్టు మాత్రం మన దగ్గర ఉండే ఫైలు. పంపే సర్వీసు నచ్చకపోతే అదే లిస్టుతో ఇంకో సర్వీసుకి మారొచ్చు. పాత కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే ఇదీ.

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. మన ఇళ్లలో రోజూ మెయిల్ తెరిచి చదివేవాళ్లు తక్కువ. దాదీకి, నానీకి మెయిల్ పంపి లాభం లేదు. ఇది పనికొచ్చేది ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి, జెద్దాలోనో దుబాయ్‌లోనో చికాగోలోనో ఉండి ఇంట్లోవాళ్ల కోసం ఇక్కడ ఆర్డర్ ఇచ్చేవాళ్లకి. కొలతలు, ధర, వాపసు షరతులు వాట్సాప్‌లో నాలుగు రోజులకే పైకి వెళ్లిపోతాయి. మెయిల్‌లో అయితే ఆర్నెల్ల తర్వాత వెతికినా దొరుకుతాయి. మాట్లాడుకోవడానికి వాట్సాప్, రాసి పెట్టుకోవడానికి మెయిల్ అనుకుంటే గొడవ లేదు.

అడ్రస్ ఇచ్చారంటే అమానత్ ఇచ్చినట్టే

లిస్టు ఎలా తయారైందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఎక్కడో కొన్న లిస్టు, స్కూల్ గ్రూపులోంచి ఎత్తిన అడ్రస్‌లు, పెళ్లి కార్డుల కోసం రాసుకున్న నంబర్లు. ఇవన్నీ ఇప్పుడు చిక్కులు తెచ్చేవే.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు. వ్యాపారాల మీద పడే ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వచ్చేలా పెట్టారు. చట్టం చెప్పేది సూటిగానే ఉంది. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి. ఒప్పుకోలు స్పష్టంగా ఉండాలి. ఒప్పుకోవడం ఎంత సులువో, వద్దనుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. ఆ నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లోనైనాగానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు, ఉర్దూ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అంటే "కొత్త సరుకు వచ్చినప్పుడు మీకు మెయిల్ పంపమంటారా?" అని మన భాషలో అడిగి, అవునన్నవాళ్లకే పంపాలి. పార్సెల్ కోసం ఇచ్చిన అడ్రస్ ప్రచారానికి ఇచ్చినట్టు కాదు.

చట్టం కంటే ముందే మెయిల్ కంపెనీలు తలుపు బిగించాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ కొత్త నిబంధనలు పెట్టాయి. పంపేవాళ్లు ఫలానా అని నిరూపించే సాంకేతిక గుర్తింపులు ఉండాలి. జీమెయిల్‌కి రోజుకు 5,000 మెయిళ్లకు పైగా పంపేవాళ్లు ఒక్క నొక్కుతో లిస్టులోంచి బయటపడే వీలు ఇవ్వాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతం దాటకూడదు, అంటే వెయ్యికి ముగ్గురు. చిన్న వ్యాపారానికి ఈ లెక్క ఎంత బిగుతుగా ఉంటుందో చూడండి. 300 మందికి మెయిల్ పంపితే, చిరాకుపడ్డ ఒక్కరు స్పామ్ నొక్కినా 0.33 శాతం. తర్వాత మనం పంపే మంచి మెయిళ్లు కూడా స్పామ్ పెట్టెలో పడే ప్రమాదం ఉంది.

సొంత జీమెయిల్ అకౌంట్ నుంచి అందరినీ కాపీలో పెట్టి పంపడం ఇంకో పొరపాటు. ఒకరి అడ్రస్ మిగతా అందరికీ కనిపిస్తుంది. మన ఆడవాళ్లు అడ్రస్ ఇచ్చింది మనకు, ముక్కూమొహం తెలియని మూడొందల మందికి కాదు. సొంత పేరుతో ఒక డొమైన్, చిన్న లిస్టులకు ఉచితంగానో తక్కువకో దొరికే మెయిల్ సర్వీసు పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

లేని తొందర పుట్టిస్తే

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. కొనేవాళ్లను తప్పుదారి పట్టించే 13 ఎత్తులను పేరు పెట్టి మరీ చెప్పింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువు బిల్లులో కలపడం, వద్దన్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం, తక్కువ ధర చూపించి చివర్లో ఖర్చులు బయటపెట్టడం, ప్రకటన అని తెలియకుండా ప్రకటన ఇవ్వడం వాటిలో కొన్ని. ఇవి ప్లాట్‌ఫామ్‌లకే పరిమితం కాదు, ప్రకటన ఇచ్చేవాళ్లకు, అమ్మేవాళ్లకు కూడా వర్తిస్తాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

2025 ఆగస్టులో ర్యాపిడోకి సీసీపీఏ 10 లక్షలు జరిమానా వేసిన కేసు, ప్రకటనలు రాసే ప్రతి ఒక్కరూ చూడాల్సినది. "ఐదు నిమిషాల్లో ఆటో, లేదంటే 50 రూపాయలు" అన్నది ప్రకటన. ఇచ్చింది రూపాయలు కాదు, కాయిన్లు. అవీ "50 వరకు". వాటిని బైక్ రైడ్‌కే, ఏడు రోజుల్లోనే వాడుకోవాలి. పెద్ద అక్షరాల్లో ఒకటి, చిన్న అక్షరాల్లో ఇంకొకటి. ఇంటి వ్యాపారాల్లో "డెలివరీ ఫ్రీ" అని రాసి, కింద చిన్నగా "2,000 దాటితే" అని పెట్టడం కూడా ఈ దారిలోదే.

మనకు ఈ పాఠం కొత్తది కాకూడదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందని, తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని అడిగారని హదీసుల్లో చదువుకున్నాం. కొనే ఉద్దేశం లేకుండా బేరం పెంచి ఇతరులను ఉసిగొల్పే ‘నజష్’ను ఆయన (స) వారించారు. "ఇప్పుడే 17 మంది చూస్తున్నారు" అని అబద్ధంగా రాయడం, మన ఇంట్లోవాళ్లతోనే అయిదు స్టార్ల రివ్యూలు పెట్టించడం దానికి ఎంత దూరమో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

దీన్ పేరు వాడుకునేటప్పుడు

రమజాన్ మెయిళ్లలో ఇంకో జబ్బు కూడా ఉంది. కలోంజీ నూనె, తేనె, అజ్వా ఖజూర్ అమ్ముతూ "షుగర్ పూర్తిగా పోతుంది", "క్యాన్సర్‌కి ఇదే మందు" అని రాసేస్తున్నారు. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ మెయిల్ నమ్మి ఒక పెద్దాయన ఇన్సులిన్ మానేస్తే జవాబు ఎవరు చెప్పుకోవాలి? సున్నత్ మీద ఉన్న ప్రేమను మందు చీటీగా మార్చే హక్కు అమ్మేవాళ్లకు లేదు.

"ప్రతి ఆర్డర్ మీద అయిదు శాతం సదఖా" అని రాసేవాళ్లూ ఉన్నారు. నిజంగా ఇస్తుంటే మంచిదే. అలా రాసినప్పుడు నెలాఖరుకు ఎంత వచ్చింది, ఎక్కడ ఇచ్చాం అని అదే లిస్టుకు ఒక మెయిల్ పంపాలి. ఆ మెయిల్ పంపలేనివాళ్లు మొదటి మాట రాయకపోవడమే మేలు.

మరి ఎలా రాయాలి?

నిజం చెబితే అమ్ముడుపోదు అనుకోవడం తప్పు. కొనేవాళ్లకు తెలియాల్సినది వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడమే నేర్పు. ఇంట్లో అబాయాలు కుట్టే ఒకామె ఇలా రాశారనుకోండి:

"విషయం: మీ కొలతకు నల్ల అబాయా, ఈద్‌కి అందాలంటే 20వ రోజా లోపు

అస్సలాము అలైకుమ్. కొత్త సరుకు వస్తే చెప్పమని పోయిన ఏడాది మీరు అడిగారు, అందుకే ఈ మెయిల్. ఈసారి నిదా గుడ్డ తెచ్చాం. ఇది పాలిస్టర్. తేలిగ్గా ఉంటుంది, ముడతలు తక్కువ పడతాయి. కాటన్ అంత చల్లగా మాత్రం ఉండదు. కుట్టుతో కలిపి 1,450 రూపాయలు, హైదరాబాద్‌లో డెలివరీకి ఇంకో 60. రోజుకు మూడు కంటే ఎక్కువ కుట్టలేం. 20వ రోజా తర్వాత ఇచ్చిన ఆర్డర్ ఈద్‌కి అందుతుందని మాట ఇవ్వలేం. కొలతలో తేడా వస్తే ఏడు రోజుల్లో సరిచేసి ఇస్తాం. ఈ మెయిళ్లు వద్దనుకుంటే కింద ఒకసారి నొక్కండి, మళ్లీ పంపం."

ఇందులోనూ తొందర ఉంది. కానీ ఆ గడువు నిజమైనది, ఎందుకో కూడా చెప్పారు. గుడ్డలోని లోపాన్ని ఆమే ముందు చెప్పారు కాబట్టి మిగతా మాటలు నమ్మాలనిపిస్తుంది. మొత్తం ఎంత అవుతుందో మొదటే తెలిసింది. వద్దనుకునే దారి కూడా చూపించారు. ఆశ్చర్యార్థకాలు ఒక్కటీ లేవు, అవసరమూ పడలేదు.

లెక్క ఏమంటోంది?

ఇక లాభనష్టాలు చూద్దాం. ఇది ఊహకు వేసిన లెక్క. లిస్టులో 300 మంది, ఒక ఆర్డర్ మీద లాభం 350 రూపాయలు. నిజాయితీగా రాసిన మెయిల్‌కు 9 ఆర్డర్లు వస్తే 3,150. అబద్ధపు ‘ఆఖరి రోజు’తో 15 వచ్చాయనుకుంటే 5,250. తేడా 2,100. మాయమాట గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ ఏడాదికి రెండుసార్లు కొనే పాత కస్టమర్ మీద వచ్చే లాభం 700. అలాంటివాళ్లు ముగ్గురు "వీళ్లు రోజూ ఆఖరి రోజే అంటారు" అని లిస్టులోంచి వెళ్లిపోతే చాలు, ఏడాది తిరిగేసరికి ఆ 2,100 హరించుకుపోతుంది. రెండో ఏడాది నుంచి అంతా నష్టమే. బి.కాంలో గుడ్‌విల్ అని ఒక పాఠం ఉంటుంది. దుకాణం అమ్మేటప్పుడు సరుకు విలువ మీద ఎక్కువగా వచ్చే సొమ్ము అది. ఇంటి వ్యాపారానికి గోడౌన్ ఉండదు, బిల్డింగ్ ఉండదు. ఉన్నదంతా ఆ గుడ్‌విల్లే.

ఇది ఒక్కరితో ఆగే నష్టం కూడా కాదు. ఒక ఇంటి వ్యాపారి దగ్గర మోసపోయిన కుటుంబం తర్వాత ఏ ఇంటి వ్యాపారినీ నమ్మదు, పెద్ద కంపెనీ యాప్ తెరుస్తుంది. భర్త గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక అత్తర్లు అమ్మి పిల్లల ఫీజులు కట్టే తల్లి, కాలేజీ ఖర్చులకు మెహందీ కోన్లు అమ్మే అమ్మాయి, వేరెవరో ఆడిన అబద్ధానికి మూల్యం చెల్లిస్తారు.

కొనేవాళ్లకూ బాధ్యత ఉంది. ప్రకటనలో చెప్పినది ఒకటి, వచ్చింది ఇంకొకటి అయితే ముందు అమ్మినవాళ్లతో మాట్లాడండి. సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. సరిగ్గా అమ్మినవాళ్లకు నిజమైన రివ్యూ రెండు ముక్కలైనా రాయండి. అమ్మేవాళ్లు ఈ రమజాన్‌కి ఒక్క పని చేయొచ్చు. పంపబోయే మెసేజ్‌ని నొక్కే ముందు, కొనేవాళ్లు ఎదురుగా కూర్చుంటే ఈ మాట వాళ్ల మొహం చూసి చెప్పగలమా అని ఒకసారి అనుకోవాలి. చెప్పలేమనిపిస్తే ఆ మాట తీసేసి, మిగిలినది పంపాలి.