ఆర్మీ బ్యాగు కొంటున్నారా? రంగు సంగతి తర్వాత చూద్దాం

తెల్లారగట్ల గ్రౌండులో ఆర్మీ ర్యాలీకి ప్రిపేర్ అయ్యే కుర్రాళ్లు కొందరు వీపున మచ్చల బ్యాగు, అందులో ఇసుక మూట వేసుకుని పరుగెడుతుంటారు. మీరూ వాళ్లలో ఒకరైతే ముందు మీకో మాట. ర్యాలీలో ఉండేది 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్, 9 అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్. బ్యాగుతో పని లేదు. బరువు మోస్తూ పరుగెత్తి మోకాళ్లు పాడుచేసుకుంటే ర్యాలీ నాటికి ఇంట్లో కూర్చోవాలి. ఆ డబ్బుతో మంచి రన్నింగ్ షూస్ కొనుక్కోండి.

ట్రెక్కింగుకో, క్యాంపుకో గట్టి బ్యాగు కావాలి, జేబులో ఉన్నది మాత్రం తక్కువే అంటారా? అప్పుడు సర్‌ప్లస్ సామాను మంచి దారే. సర్‌ప్లస్ అంటే సైన్యం వాడి పక్కనపెట్టినవి, లేదా వాడకుండానే మిగిలిపోయినవి. చిక్కేమిటంటే మన బజార్లలో ‘ఆర్మీ బ్యాగు’ అని వేలాడదీసినవాటిలో నాకు కనిపించినంతవరకు ఎక్కువ భాగం ఆ రంగు గుడ్డతో బయట కుట్టినవే. నేనూ అలాంటిదే 900 పెట్టి మురిసిపోతూ కొన్నాను. అనంతగిరి కొండల్లో రెండో గంటకే భుజం పట్టీ ఊడి చేతికొచ్చింది. మిగతా దారంతా దాన్ని చంటిపిల్లాడిలా ఎత్తుకుని నడిచాను!

అందుకే బ్యాగును ముందు తిరగేసి చూడండి. భుజం పట్టీ సంచికి కలిసేచోట చదరంగా కుట్టి, దాని లోపల ఇంటూ మార్కులా మళ్లీ కుట్టి ఉండాలి. ఒకే వరస కుట్టు కనిపిస్తే పక్కన పెట్టేయండి. తర్వాత లోపల చెయ్యి పెట్టి రుద్దండి. పాత నైలాన్ బ్యాగుల్లో నీళ్లు ఆపే పూత జిగురుగా మారి పొలుసులు రాలుతుంది. అది మళ్లీ బాగుపడదు. గుడ్డ గట్టిగా ఉంటే మాత్రం ఆ ఒక్క లోపానికే వదులుకోనక్కర్లేదు, లోపల పెద్ద పాలిథిన్ కవరు వేసుకుంటే సరిపోతుంది. బకిల్ విరిగినా బెంగ లేదు, బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది.

కాన్వాస్ జోలికి వెళ్లకండి. చూడ్డానికి రాజసంగా ఉంటుంది గానీ వాన పడితే నీళ్లు తాగి బరువెక్కుతుంది. వియత్నాం తేమలో నూలు కాన్వాస్‌తో పడరాని పాట్లు పడే అమెరికా సైన్యం నైలాన్‌కు మారింది. 1970ల్లో వచ్చిన వాళ్ల ‘ఆలిస్’ బ్యాగు నైలానే. అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లకు అక్కడి సర్‌ప్లస్ షాపుల్లో అది ఇప్పటికీ కనబడుతుంది. పెద్ద సైజు కొంటే అల్యూమినియం ఫ్రేమ్ కూడా ఉందో లేదో చూసుకోండి. ఫ్రేమ్ లేకపోతే అది బ్యాగు కాదు, గోనెసంచే. 1990ల చివర్లో వచ్చిన ‘మోలీ’ పద్ధతిలో బ్యాగు నిండా అడ్డపట్టీలుంటాయి, వాటికి చిన్న చిన్న పౌచ్‌లు తగిలించుకోవచ్చు. సైనికుడికి అవి అవసరం. మనకెందుకు? ఖాళీ పౌచ్ కూడా బరువే కదా.

ఇక అన్నిటికన్నా ముఖ్యం నడుము పట్టీ. బరువు మోయాల్సింది తుంటి ఎముకలు, భుజాలు కాదు. పట్టీ సన్నగా, మెత్త లేకుండా ఉంటే ఎంత చవకైనా వద్దు. బ్యాగు పెద్దదైతే నింపేయాలనిపిస్తుంది. మీ బరువులో అయిదో వంతు దాటనివ్వకండి. 60 కిలోల మనిషికి 12 కిలోలు. అందులో మూడు లీటర్ల నీళ్లకే మూడు కిలోలు పోతాయి.

రంగు విషయానికొస్తే మచ్చల డిజైన్ కన్నా సాదా ఆలివ్ గ్రీన్ నయం. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం, మూడు నెలల దాకా జైలు ఉంది. ఒక్క బ్యాగు తగిలించుకుంటే నేరమైపోదు. కానీ దాని మీదికి అదే డిజైన్ ప్యాంటు, టోపీ కూడా వేసుకుని రైల్వే స్టేషన్లో తిరిగితే పోలీసులు ఆపి అడుగుతారు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు చెప్పండి.

షాపుకు వెళ్లేటప్పుడు రెండు లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు పట్టుకెళ్లండి. వాటిని బ్యాగులో వేసి, నడుము పట్టీ బిగించి, అక్కడే పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీండి.